మెడ మీద మంట: తప్పు మూడు బ్లేడ్లదా, గీసే చేతిదా?

నైట్‌షిఫ్ట్_నాని:
రోజూ నున్నగా గడ్డం గీసుకుని వెళ్లాల్సిన ఉద్యోగం నాది. మూడు బ్లేడ్ల రేజర్ వాడతాను. గంట తిరక్కుండా మెడ మీద ఎర్రటి పొక్కులు, కాలర్ తగిలితే కారం పూసినట్టే. ఒక్క బ్లేడు పెట్టుకునే పాత రేజర్‌కి మారమని రూమ్మేట్ గోల. నిజంగా తేడా ఉంటుందా, వాడికి పాత సామాన్ల పిచ్చా?

పాతరేజర్_ప్రసాద్:
ఉంటుంది తమ్ముడూ. ముందు బ్లేడు వెంట్రుకను కాస్త పైకి లాగుతుంది, అది వెనక్కి పోయేలోపు వెనక బ్లేడు ఇంకా కిందికి కోస్తుంది. 1971లో జిలెట్ రెండు బ్లేడ్ల రేజర్ అమ్మింది ఈ లెక్క చూపించే. నునుపు వస్తుంది, కాదనను. కానీ తెగిన మొన చర్మం లోపలికి జారుతుంది. రింగుల గడ్డమైతే బయటికి రాకుండా లోపలే గుచ్చుకుంటుంది. నీ పొక్కులు అవే అయ్యుంటాయి.

సెలూన్_శీను:
ప్రసాద్ గారూ, మా సెలూన్‌లో కత్తికి పెట్టేది సగం బ్లేడే. అయినా పొక్కులొచ్చేవాళ్లు ఉన్నారు, "ఇంకోసారి ఉల్టా కొట్టన్నా" అని అడిగేవాళ్లకే ఎక్కువ. నానీ, ఒకరోజు గీసుకోకుండా ఉండి మెడ మీద వేలు కిందికీ పైకీ పక్కకీ జరిపి చూడు. గరుకు తగలని వైపే వెంట్రుక వాలు. దవడ కింద చాలామందికి అది పక్కకి తిరిగి ఉంటుంది, కొందరికి కింద నుంచి పైకి. కిందికి లాగుతూ వాలుకే గీస్తున్నాననుకుంటావు, అక్కడ అది ఎదురు! స్నానం అయ్యాక, వెంట్రుక మెత్తబడ్డాక, నొక్కకుండా ఒక్కసారి గీసి ఆపెయ్.

పాతరేజర్_ప్రసాద్:
వాలు సంగతి ఒప్పుకుంటా. మూడు బ్లేడ్లతో ఒక్కసారి గీసినా చర్మం మీద మూడుసార్లు నడిచినట్టే కదా?

సెలూన్_శీను:
అదీ నిజమే. కొత్తవాడు ఒంటి బ్లేడుని నొక్కితే గాటు పడేదీ నిజమే.

గుంటూరు_కోడలు:
మధ్యలో వస్తున్నా. మా ఆయన చివర్లో పటిక రుద్దుకుంటారు, మంచిదేనా?

సెలూన్_శీను:
గాటు పడితే రక్తం ఆపడానికి బావుంటుందమ్మా. మండుతున్న చర్మానికి రోజూ రుద్దితే ఇంకా పొడిబారుతుంది. చల్లటి నీళ్లు, వాసన లేని మాయిశ్చరైజర్ చాలు. చీము పడితే మాత్రం చర్మం డాక్టర్ దగ్గరికే.

నైట్‌షిఫ్ట్_నాని:
వేలు పెట్టి చూశా. ఎడమ పక్క వాలు చెవి వైపుకి, కుడి పక్క గొంతు వైపుకి! ఇన్నేళ్లూ రెండు పక్కలా ఒకేలా లాగాను. మానేదాకా ట్రిమ్మరే. మేనేజర్ ఏమంటాడోనని టెన్షన్.

పాతరేజర్_ప్రసాద్:
మానాక రేజర్ కూడా మార్చు.