బాల్యం మీద పరిశోధన: కొత్తగా వచ్చాను, సలహా కావాలి

ప్రశ్న:
నమస్కారం. హనుమకొండ నుంచి వచ్చి మూడు వారాలైంది. మా గైడు బాల్యం, చిత్రకళ, క్వీర్ సిద్ధాంతం (ఆడ-మగ, ప్రేమ గురించిన కట్టుబాట్లను ప్రశ్నించే ఆలోచన) మీద పనిచేస్తారు. నా అంశమేమిటో రెండు పేజీల్లో రాసివ్వమన్నారు. కథలు చెప్పడానికి గీసే చేర్యాల పటాలు తప్ప ఏమీ తోచడం లేదు. ఇంట్లో ఏం చదువుతున్నావంటే ఏం చెప్పను?

ఒక అన్నయ్య జవాబు:
తమ్ముడూ, తోచింది కదా, ఇంకేం కావాలి? పటం చూపి కథ చెప్పే కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేటప్పుడు ఆ ఎర్రటి పటం ముందు పిల్లలూ కూర్చునేవారు. వాళ్లు ఏ బొమ్మ దగ్గర ఆగిపోయారో అడుగు.

ఆ పక్కనే మన పాత చట్టం చదువు. నిజాం కాలంలో, 1919లో, హిజ్రాల పేర్లు పట్టికలో రాయించారు. అలా నమోదైనవారి ఇంట్లో పదహారేళ్లలోపు మగపిల్లవాడుంటే రెండేళ్ల దాకా జైలు. ఆ పిల్లవాడూ వాళ్లలాంటివాడే అయితే? ఆ ఊహే చట్టానికి రాలేదు. 2023లో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. పిల్లలు పైకే కాదు, పక్కలకూ పెరుగుతారని, అంటే పెద్దలు గీసిన దారిలోనే పెరగరని, క్వీర్ సిద్ధాంతం రాసే క్యాథరిన్ బాండ్ స్టాక్టన్ 2009లో రాసింది ఇలాంటి పిల్లల గురించే. అయితే ఆవిడతో మొదలుపెట్టకు, ఆవిడ దగ్గరికి చేరు.

నా సంగతీ చెబుతాను. బతుకమ్మకు గునుగు కోసి తెచ్చేది మగపిల్లలమే. కొసలకు రంగు అద్దే పని మాత్రం నేనే అడిగి తీసుకునేవాణ్ణి. పేర్చడం అయ్యాక, ‘ఇక నువ్వు బయటికి పో’ అనేవారు. గోళ్ల సందుల్లో గులాబీ రంగు నాలుగు రోజులు వదిలేది కాదు. బడిలో చేతులు జేబుల్లోనే.

ఒక అక్క జవాబు:
అన్నయ్య కథల్లో పడి అసలుది మరిచారు. మైనర్లను ప్రశ్నించాలంటే విశ్వవిద్యాలయ నైతిక కమిటీ మామూలుగా తల్లిదండ్రుల సమ్మతి, పిల్లల అంగీకారం రెండూ అడుగుతుంది. ‘క్వీర్’ అని రాసిన కాగితం మీద తండ్రి సంతకం కోసం వెళితే ఆ పిల్లవాడి గతేమిటి? పెద్దవాళ్ల చిన్ననాటి జ్ఞాపకాలే సేకరించు. ఇంట్లో ‘చిత్రకళ చరిత్ర’ అని చెప్పు, అబద్ధమేమీ కాదు.

ప్రశ్న అడిగినవారు:
అన్నయ్యా, ఆ గునుగు రంగు సంగతి నా రెండు పేజీల్లో రాసుకోవచ్చా?

అన్నయ్య:
రాసుకో. ఊరి పేరు మాత్రం మార్చు. మా ఊరివాళ్లు ఈ మెయిలింగ్ జాబితాలోనే పదకొండు మంది ఉన్నారు.