అమెరికన్ ఫుట్‌బాల్ అసలు చూడనివాళ్లని కైల్ ఫీల్డ్‌కి తీసుకెళ్లేముందు ఏం నేర్పాలి?

గజంబద్ద:

టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లో ఈ ఫాల్‌కి మాస్టర్స్‌లో చేరిన కొత్తవాళ్లని, ఇరవై మంది దాకా, మా స్టేడియం కైల్ ఫీల్డ్‌లో జరిగే మొదటి హోమ్ మ్యాచ్‌కి తీసుకెళ్తున్నాం. అంతకుముందు ఒక సాయంత్రం గంటన్నర కూర్చోబెట్టి ఆట పరిచయం చెయ్యాలి. అందరికీ క్రికెట్ కొట్టినపిండి, కబడ్డీ తెలుసు. ఈ ఆట గురించి మాత్రం ఒకళ్ల మీద ఒకళ్లు పడతారనీ, నిమిషానికోసారి ఆగిపోతుందనీ తప్ప ఏమీ తెలియదు.

రూల్స్ వరసగా చదివేస్తే ఎవరికీ ఎక్కవు. పైగా ఇక్కడ మ్యాచ్ అంటే ఆటొక్కటే కాదు. యెల్స్ (అందరూ కలిసి పెట్టే కేకలు), ఊగడం, రెవెలీ, ట్వెల్త్ మ్యాన్, అన్నీ ఉన్నాయి. వీటిలో ముందే చెప్పి తీరాల్సినవి ఏవి? అక్కడికెళ్లాక తెలిసినా ఫర్వాలేనివి ఏవి? కొత్తవాళ్లు ఎక్కడ పొరపడతారు?

నాలుగో డౌన్:

మొదటి నలభై నిమిషాలూ ఒక్క సంగతికే కేటాయించండి: నాలుగు అవకాశాల్లో పది గజాలు. యార్డు అంటే మన గజమే కాబట్టి గజాల్లోనే చెప్పండి, వెంటనే కొలత కళ్లకి కడుతుంది.

బోర్డు మీద మైదానం గీయండి. పొడవు 100 గజాలు, రెండు చివరలా పదేసి గజాల ఎండ్ జోన్లు, వెడల్పు 53 గజాల చిల్లర. బంతి ఉన్న జట్టుకి నాలుగు డౌన్లు. నాలుగు బంతుల ఓవర్ అనుకోమనండి. తేడా ఏంటంటే, పది గజాలు దాటిన క్షణం ఆ ఓవర్ మళ్లీ మొదటి బంతి నుంచి మొదలవుతుంది. దాటలేకపోతే బంతి ఉన్నచోటే ఎదుటి జట్టుకి పోతుంది. స్కోర్‌బోర్డు మీద "3 అండ్ 7" అని పడితే అది మూడో డౌన్ అనీ, ఇంకా ఏడు గజాలు కావాలనీ అర్థం. ఆ రెండంకెలు చదవడం వస్తే మ్యాచ్ అంతా నడుస్తుంది.

మాటలతో ఆపకుండా కాగితం మీద ఒక నాణెం పెట్టి ఆడించండి. సొంత 25 గజాల గీత దగ్గర మొదలు, 1 అండ్ 10. పరిగెత్తి 3 గజాలు సాధించారు: బంతి 28 మీద, 2 అండ్ 7. పాస్, అంటే ముందుకి విసిరిన బంతి, నేలమీద పడింది: బంతి కదల్లేదు, 3 అండ్ 7. తర్వాతి పాస్ 9 గజాలు: బంతి 37 మీద, మళ్లీ 1 అండ్ 10. ఈసారి పరుగులో 2 గజాలు వెనక్కి నెట్టేశారు: 35 మీద, 2 అండ్ 12. ఒక్కొక్కరి చేత ఒక్కో అంకె చెప్పించండి. నాలుగైదు రౌండ్లకి వాళ్లే చెప్పేస్తారు.

అప్పుడు నాలుగో డౌన్‌కి రండి. బంతి సొంత 30 మీద ఉంది, ఇంకా 6 గజాలు కావాలి, ఏం చేస్తారని అడగండి. క్రికెట్ అలవాటుతో చాలామంది ప్రయత్నిద్దాం అంటారు. తప్పితే ఎదుటివాళ్లకి ఎండ్ జోన్ 30 గజాల దూరంలోనే దొరుకుతుందని నాణెం జరిపి చూపించండి. అందుకే పంట్, అంటే బంతిని ఓ నలభై గజాల అవతలికి తన్ని అప్పగించడం. "చేతిలో ఉన్న బంతిని ఎందుకు ఇచ్చేశారు?" అన్న సందేహం కొత్తవాళ్లందరికీ వస్తుంది, దానికి జవాబు అక్కడే దొరుకుతుంది. అదే బంతి ఎదుటివాళ్ల 25 దగ్గర ఉంటే ఫీల్డ్ గోల్, అంటే బంతిని గోల్ స్తంభాల మధ్యగా తన్నడం. 25కి ఎండ్ జోన్ 10, వెనక్కి అందించే 7 కలిపితే 42 గజాల కిక్. గోల్ స్తంభాలు ఎండ్ జోన్ వెనక గీత మీద ఉంటాయి కాబట్టి ఈ కూడిక.

పాయింట్లకి రెండు నిమిషాలు చాలు. టచ్‌డౌన్, అంటే బంతిని ఎదుటివాళ్ల ఎండ్ జోన్‌లోకి చేరిస్తే 6, ఆ తర్వాత కిక్ కొడితే 1, లేదా 3 గజాల గీత నుంచి మళ్లీ ఎండ్ జోన్‌లోకి చేరిస్తే 2, ఫీల్డ్ గోల్ 3, బంతి ఉన్నవాణ్ణి అతని సొంత ఎండ్ జోన్‌లోనే పడగొడితే (సేఫ్టీ) 2.

ఇక చూసే పద్ధతి. కొత్తవాళ్లు బంతినే వెతుక్కుంటారు, అది మనుషుల మధ్య మాయమైపోతుంది. బంతిని వదిలేసి మధ్యలో ఉన్న అయిదుగురు భారీ ఆటగాళ్లని చూడమనండి: సెంటర్, ఇద్దరు గార్డులు, ఇద్దరు టాకిల్స్. వాళ్లు లేచి వెనక్కి అడుగేస్తూ అరచేతులు ముందుకు పెడితే పాస్. ముందుకు దూసుకెళ్తే పరుగు. పాస్ వెయ్యాలంటే ఆ అయిదుగురూ బంతి పెట్టిన గీత దాటి 3 గజాలకి మించి ముందుకెళ్లకూడదు, అందుకే వాళ్ల కాళ్లు రహస్యం దాచలేవు. రెండో క్వార్టర్‌కల్లా సగానికి సగం ఊహలు నిజమవుతాయి, అక్కడి నుంచి ఆట పట్టేస్తుంది.

పెనాల్టీలు మూడే చెప్పండి: ఫాల్స్ స్టార్ట్ (బంతి కదలకముందే కదలడం) 5 గజాలు, హోల్డింగ్ (ఎదుటివాణ్ణి పట్టుకుని ఆపడం) 10, పాస్ ఇంటర్‌ఫియరెన్స్ (పాస్ అందుకునేవాణ్ణి అడ్డుకోవడం) 15 దాకా. ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) చూసినవాళ్లు ఎవరైనా ఉంటే ఒక్క హెచ్చరిక: కాలేజీ ఆటలో క్యాచ్‌కి ఒక్క కాలు లోపల పడితే చాలు, మోకాలు నేలకి తగిలితే ఎవరూ ముట్టుకోకపోయినా ఆట ఆగినట్టే. టీవీలో కనిపించే పసుపు గీత మైదానం మీద ఉండదని కూడా చెప్పండి. గ్యాలరీ నుంచి చూసేటప్పుడు గీత పక్కన నిలబెట్టే కర్రలే ఆధారం. వాటి మధ్య గొలుసు సరిగ్గా 10 గజాలు.

మెరూన్ కండువా:

నాలుగో డౌన్ గారు చెప్పిన ఫాల్స్ స్టార్ట్‌ని పట్టుకునే సంప్రదాయంలోకి వెళ్లొచ్చు. నా లెక్కలో కైల్ ఫీల్డ్‌కి వెళ్లే మనిషికి ముందే చెప్పి తీరాల్సింది ఒక్కటే: మన జట్టు దగ్గర బంతి ఉంటే నోరు మూసుకోవాలి, ఎదుటివాళ్ల దగ్గరుంటే గొంతు చించుకోవాలి. కొత్తవాళ్లు సరిగ్గా తిరగేసి చేస్తారు. మనవాళ్లు టచ్‌డౌన్‌కి దగ్గరపడగానే ఉత్సాహం ఆపుకోలేక కేకలు పెడతారు, చుట్టూ ఉన్నవాళ్లంతా వెనక్కి తిరిగి చూస్తారు.

కారణం చెబితే మర్చిపోరు. క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టు ఆటని నడిపించేవాడు, గీత దగ్గర నిలబడి ఎదుటి డిఫెన్స్‌ని చూసి, అవసరమైతే అప్పటికప్పుడు ఆట మార్చి అరిచి చెబుతాడు. బంతి ఎప్పుడు అందించాలన్నదీ అతని కేక మీదే ఆధారపడుతుంది. 1,02,733 మంది పట్టే స్టేడియంలో ఆ కేక పక్కనున్న గార్డుకే వినపడదు. బంతి కదలకముందే ఎవరో ఒకరు ఉలిక్కిపడి కదులుతారు, ఫాల్స్ స్టార్ట్, 5 గజాలు వెనక్కి. అంటే 3 అండ్ 4 కాస్తా 3 అండ్ 9 అవుతుంది, అదీ గ్యాలరీ చేసిన పని. ప్రత్యర్థులు నోటి కేక మానేసి సైలెంట్ కౌంట్ వాడటం దగ్గరగా చూపించండి: గార్డు వెనక్కి తిరిగి క్వార్టర్‌బ్యాక్‌ని చూస్తాడు, అతను సైగ చేయగానే సెంటర్‌ని తడతాడు, సెంటర్ తలెత్తి బంతి అందిస్తాడు. ఇది కనిపించిందంటే మన అరుపు పనిచేస్తున్నట్టే.

ట్వెల్త్ మ్యాన్ కథ దీని తర్వాత చెబితే అతుకుతుంది. 1922 జనవరి 2, డాలస్, డిక్సీ క్లాసిక్. ప్రత్యర్థి సెంటర్ అనే కాలేజీ, 1921లో హార్వర్డ్‌ని ఓడించిన జట్టు. ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు దెబ్బలు తిని పడిపోతుంటే కోచ్ డానా బైబిల్ ప్రెస్ బాక్స్‌లో సాయం చేస్తున్న ఇ. కింగ్ గిల్‌ని కిందికి పిలిపించారు. గిల్ అప్పటికి ఫుట్‌బాల్ వదిలి బాస్కెట్‌బాల్‌కి వెళ్లినవాడు. గ్యాలరీ కింద గాయపడిన ఆటగాడి బట్టలు తొడుక్కుని వచ్చి చివరిదాకా గీత పక్కన నిలబడ్డాడు. ఏ అండ్ ఎమ్ 22-14తో గెలిచింది. అతను మైదానంలోకి దిగాల్సిన అవసరమే రాలేదు. విద్యార్థులు మ్యాచ్ అంతా నిలబడే ఉండటానికి మూలం ఇదే: పిలిస్తే దిగడానికి సిద్ధం అని. కాబట్టి "సీటు నంబరుంది కదా, కూర్చుందాం" అనుకునేవాళ్లకి ముందే చెప్పండి. మూడున్నర గంటలు కాళ్ల మీదే. కొత్త బూట్లు వద్దు.

ఇక్కడ చీర్‌లీడర్లు ఉండరు, యెల్ లీడర్లుంటారు. అయిదుగురు, విద్యార్థులే ఓటేసి ఎన్నుకుంటారు, ముగ్గురు సీనియర్లు, ఇద్దరు జూనియర్లు. తెల్లబట్టల్లో ఉండి చేతులతో సైగ చేస్తారు. ఆ సైగని ముందు వరసవాళ్లు చేసి వెనక్కి చూపిస్తారు, అలా పై అంతస్తుదాకా పాకుతుంది. మీ వరసలో ఆగిపోతే వెనకవాళ్లకి ఏ యెల్ వస్తోందో తెలియదు. అందుకని సైగ చూసిన వెంటనే తామూ చేసి వెనక్కి అందించాలి. తర్వాత ముందుకి వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టి అరవాలి. ప్రత్యర్థుల మీద కోపమొస్తే "బూ" అనరు, బుస కొడతారు. ఈ మూడూ గదిలోనే పది నిమిషాలు సాధన చేయించండి, సిగ్గు అక్కడే వదిలిపోతుంది.

గజంబద్ద:

ఇద్దరికీ ధన్యవాదాలు. నాణెం ఆట రేపే పెడతాను. ఒక సందేహం. ఇప్పుడు హెల్మెట్‌లోనే కోచ్ మాట వినపడుతుందని విన్నాను. మరి గ్యాలరీ అరుపుకి ఇంకా విలువుందా?

రెండోది, శుక్రవారం రాత్రి మిడ్‌నైట్ యెల్‌కి కూడా తీసుకెళ్లాలా, శనివారం ఒక్కటీ చాలా?

నాలుగో డౌన్:

ఉంది. 2024 నుంచి కాలేజీ పైస్థాయిలో హెల్మెట్ రేడియోకి అనుమతిచ్చారు, కానీ మైదానంలో ఒక్క ఆటగాడికే. అదీ ప్లే క్లాక్‌లో (బంతి కదిలించడానికి మిగిలిన సెకన్లు చూపే గడియారం) 15 సెకన్లు మిగిలేసరికి, లేదా అంతకుముందే బంతి కదిలితే అప్పుడే, మూగబోతుంది. ఆ తర్వాత క్వార్టర్‌బ్యాక్ మిగతా పదిమందికి చెప్పాల్సింది నోటితోనే, సైగతోనే. కాబట్టి ప్లే క్లాక్ చూడటం నేర్పండి. 15 నుంచి సున్నా మధ్యనే అరుపు గట్టిగా ఉండాలి. మొదటి క్వార్టర్‌లోనే గొంతు అయిపోయేవాళ్లకి ఇది పనికొస్తుంది: మూడో డౌన్‌కి దాచుకోమనండి.

తూర్పు గ్యాలరీ:

మిడ్‌నైట్ యెల్ తప్పకుండా. అది సరదా కార్యక్రమంలా కనిపిస్తుంది గానీ నిజానికి రిహార్సల్. హోమ్ మ్యాచ్‌కి ముందు రాత్రి కైల్ ఫీల్డ్‌లోనే జరుగుతుంది, బ్యాండ్ వస్తుంది, యెల్ లీడర్లు మర్నాటి యెల్స్ అన్నీ చేయిస్తారు. ఆట లేదు కాబట్టి తప్పు చేసినా నష్టం లేదు. చివర్లో దీపాలు ఆర్పేస్తారు. జంటగా వచ్చినవాళ్లు ముద్దు పెట్టుకోవడం, ఒంటరిగా వచ్చినవాళ్లు చిన్న వెలుతురు చూపించడం ఆనవాయితీ. కొత్తవాళ్లకి ముందే చెప్పకపోతే ఇబ్బందిగా దిక్కులు చూస్తారు. ఫోన్ దీపం వెలిగించి నిలబడితే చాలు.

ఏ అండ్ ఎమ్ యుద్ధగీతం చివర్లో ఊగడం నేర్పండి. పక్కవాళ్ల భుజాల మీద చేతులు వేసి అటూ ఇటూ ఊగాలి. ప్రత్యర్థి టెక్సస్ యూనివర్సిటీ చిహ్నమైన లాంగ్‌హార్న్ ఎద్దు కొమ్ములు రంపంతో కోయడానికి గుర్తు అది. పై అంతస్తులో కాళ్ల కింద కదలిక తెలుస్తుంది, భయపడక్కర్లేదని చెప్పండి. ఆ రెండు జట్ల పోటీ 1894లో మొదలై 2011లో ఆగింది. ఆ చివరి మ్యాచ్‌లో ఆఖరి క్షణపు 40 గజాల ఫీల్డ్ గోల్‌తో టెక్సస్ 27-25గా గెలిచింది. మళ్లీ 2024 నవంబరు 30న కైల్ ఫీల్డ్‌లోనే తలపడ్డారు, అప్పుడూ టెక్సస్‌దే గెలుపు, 17-7. ఆ పదమూడేళ్లూ మ్యాచ్ లేకపోయినా కొమ్ములు కోయడం మాత్రం ఆగలేదు.

ఒక విషయంలో పైవాళ్లతో నాది కాస్త వేరే మాట. అరుపు ఒక్కటే ముందు చెప్పాలని కాదు, బాన్‌ఫైర్ సంగతి కూడా ముందే చెప్పాలి. టెక్సస్‌తో మ్యాచ్‌కి ముందు దుంగలు పేర్చి పెద్ద మంట వేసే ఆచారం ఉండేది. 1999 నవంబరు 18 తెల్లవారుజామున ఆ దుంగల కట్టడం కూలి 12 మంది చనిపోయారు, 27 మంది గాయపడ్డారు. అప్పటి నుంచి క్యాంపస్‌లో ఆ మంట లేదు. తెలియక "మంట ఎప్పుడు వేస్తారు?" అని సరదాగా అడిగితే ఎదుటి మనిషి ముఖం మారిపోతుంది. కుదిరితే మ్యాచ్‌కి ముందు ఒకసారి ఆ స్మారకం దగ్గరికి తీసుకెళ్లండి. చనిపోయిన ఒక్కొక్కరికీ ఒక్కో ద్వారం, వాళ్ల వాళ్ల సొంతూరి దిక్కుకి తిప్పి కట్టారు.

రెవెలీ అంటే ఏ అండ్ ఎమ్ చిహ్నమైన రఫ్ కోలీ జాతి కుక్క, కార్ప్స్ ఆఫ్ కేడెట్స్‌లో (విద్యార్థుల సైనిక శిక్షణ దళం) అందరికంటే పై హోదా దానిదే. చనిపోయిన రెవెలీలని స్టేడియం ఉత్తరం వైపు, స్కోర్‌బోర్డు కనిపించేలా సమాధి చేశారు. గేటు దగ్గర ఆగి చూపించండి, రెండు నిమిషాల పని.

సామాను సంగతి. లోపలున్నవి బయటికి కనపడే ప్లాస్టిక్ సంచే లోపలికి రానిస్తారు, కొలతలు 12, 6, 12 అంగుళాలకి మించకూడదు. చిన్న చేతిపర్సు అయితే 4.5, 6.5 అంగుళాల లోపు. వీపు సంచి తెచ్చినవాళ్లు గేటు దగ్గర నుంచి వెనక్కి పోవాల్సి వస్తుంది, ఇరవై మందిలో ఒక్కరు తెచ్చినా అందరూ ఆగిపోతారు. విద్యార్థుల గ్యాలరీ తూర్పు వైపు, మధ్యాహ్నం మ్యాచ్ అయితే పడమటి ఎండ సూటిగా ముఖాన కొడుతుంది. టోపీ ఉండాలి, కానీ యెల్స్‌కీ, విశ్వవిద్యాలయ గీతానికీ, జాతీయ గీతానికీ తీసెయ్యాలి. హాఫ్‌టైమ్‌లో నీళ్ల కోసం అందరూ ఒకేసారి లేచిపోకండి, బ్యాండ్ కవాతు చూడాల్సింది అప్పుడే. రెండో క్వార్టర్ మధ్యలోనే ఇద్దరిని పంపి తెప్పించుకోండి.

గజంబద్ద:

స్మారకం మాట ఎవరూ చెప్పకపోతే నాకు తట్టేది కాదు, శుక్రవారం సాయంత్రానికి పెడతాను. ఆఖరి ప్రశ్న: మ్యాచ్ అయ్యాక వెంటనే బయల్దేరొచ్చా?

మెరూన్ కండువా:

వద్దు. గెలిస్తే మొదటి ఏడాది కేడెట్లు యెల్ లీడర్లని తరిమి పట్టుకుని, మోసుకెళ్లి క్యాంపస్‌లోని ఫిష్ పాండ్ అనే కొలనులో పడేస్తారు. స్టేడియం నుంచి నడిచి వెళ్లి చూడొచ్చు. ఓడితే విద్యార్థులు గ్యాలరీలోనే ఆగి తర్వాతి మ్యాచ్ కోసం యెల్ ప్రాక్టీస్ చేస్తారు. ఆ కాసేపట్లో మెట్ల మీద రద్దీ కూడా తగ్గుతుంది. ఇరవై మందీ ఒకే ద్వారం నుంచి దిగేలా, ఎక్కడ కలుసుకోవాలో లోపలికి వెళ్లేముందే చెప్పి ఉంచండి, అంత జనంలో ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడొద్దు.