అండమాన్‌లో పిల్లలతో స్నార్కెలింగ్: మాకెవరికీ ఈత రాదు, ఎక్కడికి వెళ్తే మంచిది?

గోదావరి గట్టు:

అందరికీ నమస్తే. మాది రాజమండ్రి. ఫిబ్రవరిలో 6 రోజులు అండమాన్ వెళ్తున్నాం. నేను, మా వారు, పాప (11), బాబు (6), మా అత్తయ్యగారు (62). పాప ఒక్కతే కొంచెం ఈత నేర్చుకుంది, అదీ స్విమ్మింగ్ పూల్‌లో. మిగతా ఎవరికీ రాదు. ప్యాకేజీ వాళ్లు మూడు చోట్ల పేర్లు చెప్తున్నారు: నార్త్ బే, ఎలిఫెంట్ బీచ్, జాలీ బాయ్. మూడూ బాగుంటాయనే అంటున్నారు, అక్కడే నాకు ఏమీ తేలడం లేదు. పాపకి చేపల పిచ్చి, ఇప్పటినుంచే ఏ చేప పేరేంటో పుస్తకంలో రాసుకుంటోంది. అందుకని ఒక్కరోజైనా పడవ మీద వెళ్లి పగడాలు చూపించి, పిల్లల్ని నీళ్లలో కాసేపు ఆడించి తీసుకురావాలని నా కోరిక. కానీ అత్తయ్యగారికి పడవ అంటేనే భయం. 2019లో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగినప్పుడు మా వీధిలోనే ఆ వార్త విని ఎంతమంది ఏడ్చారో ఆవిడ కళ్లారా చూశారు, ఆ టెన్షన్ ఆవిడకి ఇంకా పోలేదు. నాకూ లోపల ఉంది, చెప్పుకోవడం లేదంతే.

6 ఏళ్ల బాబుని స్నార్కెలింగ్‌కి (మాస్క్, గొట్టం పెట్టుకుని నీళ్ల మీద బోర్లా తేలుతూ కింద చూడటం) దింపొచ్చా? ఆ మూడింట్లో ఏది? దయచేసి పిల్లలతో వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

విశాఖ నాన్న:

మేం పోయిన మార్చిలో వెళ్లాం అండి, మా బాబుకి అప్పుడు 7. దింపొచ్చు. కానీ మేం చేసిన తప్పు మీరు చెయ్యకూడదని ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

హావ్‌లాక్ దీవి (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) జెట్టీ నుంచి స్పీడ్ బోట్‌లో ఎలిఫెంట్ బీచ్‌కి అరగంట లోపే చేరతాం. దిగగానే వరసలో నిలబెట్టి, మాస్క్ పెట్టి, నోట్లో గొట్టం పెట్టి, నడుముకి రబ్బరు ట్యూబు వేసి, ఐదు నిమిషాల్లో లోతు నీళ్లలోకి లాక్కెళ్లారు. ప్యాకేజీలో ఇచ్చే స్నార్కెలింగ్ పావుగంటో ఇరవై నిమిషాలో, ఇంకో కుటుంబం వెనకాల కాచుకుని ఉంటుంది, కాబట్టి గైడ్‌కి తొందర. మా వాడు ముక్కుతో ఊపిరి పీల్చబోయాడు, మాస్క్‌లో ముక్కు మూసుకుపోయి ఉంటుంది కదా, గాలి అందలేదని గాభరాపడి నోట్లోంచి గొట్టం లాగేశాడు, ఒక గుక్క ఉప్పునీళ్లు లోపలికి వెళ్లాయి. వాడు అరిచిన అరుపు నాకు ఇంకా గుర్తుంది. ప్రమాదమేమీ జరగలేదు, లైఫ్ జాకెట్ ఉంది, గైడ్ వెంటనే ఒడ్డుకి తెచ్చాడు. కానీ ఆ రోజంతా వాడు ఇసకలో మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చున్నాడు, నీళ్ల వైపు చూడనే లేదు. అంత డబ్బు పెట్టి తీసుకొచ్చి పిల్లాడికి సముద్రం అంటే భయం పుట్టించానే అని నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

రెండు రోజుల తర్వాత నీల్ దీవిలో (ఇప్పుడు షహీద్ ద్వీప్ అంటున్నారు) భరత్‌పూర్ బీచ్‌కి వెళ్లాం. అక్కడ చాలా దూరం వరకు నీళ్లు లోతు ఉండవు. మా ఆవిడ వాడికి గొట్టం లేకుండా ఉత్త మాస్క్ పెట్టి, మోకాలి లోతులో నిలబెట్టి, "ఊపిరి బిగబట్టి ఒక్కసారి కింద చూడు నాన్నా" అంది. చూశాడు. నీలం రంగు చిన్న చేపలు మూడు వాడి కాళ్ల దగ్గరే తిరుగుతున్నాయి. తలెత్తి "అమ్మా నా కాలు వాసన చూస్తున్నాయి" అన్నాడు. అంతే, ఇంక వాణ్ణి బయటికి తేవడం మా వల్ల కాలేదు. అరగంటయ్యాక వాడే గొట్టం అడిగి పెట్టించుకున్నాడు.

అందుకని నేను చెప్పేది, ఇంట్లోనే మొదలుపెట్టండి. మాస్క్, గొట్టం ఇప్పుడే కొనేయండి. బకెట్ నీళ్లలో ముఖం ముంచి నోటితో ఊపిరి తీసుకోవడం రోజూ పది నిమిషాలు ఆటలా ఆడిస్తే వారంలో అలవాటైపోతుంది. మాస్క్ కొనేటప్పుడు తలకి పట్టీ వెయ్యకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీల్చమనండి, చెయ్యి వదిలేసినా పడిపోకుండా అంటుకుని ఉంటే సరిపోయినట్టు. మధ్యలో వెంట్రుకలు అడ్డొస్తే నీళ్లు కారతాయి. గొట్టం పిల్లల సైజుదే కావాలి, పెద్దవాళ్ల పొడుగు గొట్టంలో వాడు వదిలిన గాలి చాలామటుకు అక్కడే నిలిచిపోయి, మళ్లీ అదే పీల్చుకుంటాడు. ముఖమంతా కప్పేసే మాస్కులు ఈమధ్య బాగా అమ్ముతున్నారు, అవి పిల్లలకి వద్దు, నీళ్లు దూరినప్పుడు వాడంతట వాడు తీసుకోలేడు.

రెండుసార్లు వెళ్లాం (హైదరాబాద్):

పైన చెప్పింది అక్షరాలా నిజం. నేను మిగతావి చెప్తాను.

ఎక్కడికి అన్నదానికి నా ఓటు జాలీ బాయ్‌కే. వండూర్‌లో పడవ ఎక్కాలి, పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు) నుంచి పాతిక ముప్పై కిలోమీటర్లు, అక్కడినుంచి సముద్రంలో ఇంచుమించు గంట. అది 1983లో ఏర్పాటైన మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్క్‌లో భాగం, అందుకే అటవీ శాఖ పర్మిట్ ఉండాలి, సోమవారం మూసేస్తారు, ప్లాస్టిక్ ఏదీ తీసుకెళ్లనివ్వరు. చిప్స్ ప్యాకెట్లు, నీళ్ల సీసాలు ఒడ్డునే ఆపేస్తారు, స్టీలు బాటిల్, స్టీలు డబ్బా పెట్టుకోండి. పులిహోర చేసుకుని వెళ్తే చాలు, దీవి మీద కొనుక్కోవడానికి ఏమీ ఉండదు. అంత కట్టుదిట్టంగా చూసుకుంటారు కాబట్టే పగడాలు, చేపలు అంత బాగుంటాయి. వానాకాలంలో దాన్ని మూసి పక్కనే ఉన్న రెడ్ స్కిన్ దీవికి పంపిస్తారు, మీరు వెళ్లేది ఫిబ్రవరి కాబట్టి జాలీ బాయే. ఒక్క ఇబ్బంది, దీవికి జెట్టీ లేదు, పెద్ద పడవలోంచి చిన్న పడవలోకి మారి దిగాలి. మీ అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులుంటే ఆలోచించండి. ఆ చిన్న పడవలకి అడుగున అద్దం ఉంటుంది, ఒళ్లు తడవకుండా కూర్చునే పగడాలు చూడొచ్చు. మా అమ్మ నీళ్లలో కాలు కూడా పెట్టలేదు కానీ మా అందరికంటే ఎక్కువ చేపలు ఆవిడే చూసింది.

నార్త్ బే మాత్రం పిల్లలతో నాకు నచ్చలేదు. పాత ఎర్ర 20 రూపాయల నోటు మీద ఉన్న బొమ్మ ఆ చోటిదేనని చూడ్డానికి వెళ్లొచ్చు. రద్దీ ఎక్కువ, సీ వాక్, జెట్ స్కీ, బనానా బోట్ (స్పీడ్ బోట్ వెనక కట్టి లాగే గాలి ట్యూబు) అని ఒకరి తర్వాత ఒకరు చుట్టుముడతారు.

బట్టల సంగతి. పిల్లలకి ఫుల్ హ్యాండ్స్ ఉన్న ఈత డ్రెస్సులు కొనండి, మీరు కూడా లెగ్గింగ్స్‌తో అలాంటిదే వేసుకోండి, చుడీదార్ చున్నీలతో నీళ్లలోకి దిగితే బట్ట బరువెక్కి కాళ్లకి చుట్టుకుంటుంది. బోర్లా తేలుతూ ఉంటే వీపు, మోకాళ్ల వెనక మాడిపోతుంది, మా పాపకి మూడు రోజులు వీపు ఆనించి పడుకోవడం కుదరలేదు. ఒళ్లంతా కప్పుకుంటే సన్‌స్క్రీన్ ముఖానికి మాత్రమే సరిపోతుంది, అది కూడా జింక్ ఆక్సైడ్ ఉన్నది తీసుకోండి, కొన్ని క్రీముల్లో ఉండే ఆక్సీబెంజోన్ పగడాలకి హాని చేస్తుందని హవాయిలో 2021 నుంచి అలాంటివి అమ్మనివ్వడం లేదు.

పడవలో వాంతులవుతాయని ఖాళీ కడుపుతో మాత్రం ఎక్కకండి, రెండు ఇడ్లీలు తిని ఎక్కండి. పడవ మధ్యలోనో వెనకో కూర్చుని దూరంగా నీళ్లూ ఆకాశం కలిసేచోటు చూస్తూ ఉండాలి, ఫోన్ చూస్తే పని అయిపోయినట్టే. మాత్ర వేసుకోవాలంటే ఎక్కాక కాదు, కనీసం అరగంట, గంట ముందు. పిల్లలకీ, అత్తయ్యగారికీ ఏది, ఎంత అన్నది మీ డాక్టర్‌ని అడిగి తీసుకెళ్లండి.

పోర్ట్ బ్లెయిర్ తెలుగు:

అమ్మా, నేను ఇక్కడే పుట్టి పెరిగినవాణ్ణి. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డాడు. 2011 లెక్కల్లో ఈ దీవుల జనాభాలో ఇంచుమించు 13 శాతం తెలుగువాళ్లమే, కాబట్టి పడవ దగ్గర తెలుగులో గట్టిగా ఒక మాట అడిగి చూడండి, ఎవరో ఒకరు పలుకుతారు. నేను ఇరవై ఏళ్లు టూరిస్టు పడవల మీద పనిచేశాను. మీ అత్తగారి భయాన్ని చిన్నది చేసి మాట్లాడను. 2014 జనవరి 26న ఇక్కడే పోర్ట్ బ్లెయిర్ దగ్గర టూరిస్టుల పడవ మునిగి 20 మందికి పైగా పోయారు. ఎక్కించుకోవాల్సిన వాళ్లకంటే ఎక్కువమందిని ఎక్కించుకున్నారు. ఆ సాయంత్రం జెట్టీలో నేనున్నాను. అప్పటినుంచి నా పడవ ఎక్కేవాళ్లకి ఒకటే చెప్తూ వచ్చాను. పడవ మీద ఎంతమందికి అనుమతో రాసి ఉంటుంది, ఎక్కేముందు చదవండి, తలలు లెక్కపెట్టండి. ఎక్కువైతే దిగిపోండి, డబ్బు పోతే పోయింది. ఎవరేమనుకుంటారోనని మొహమాటపడే చోటు కాదది.

బాబు జాకెట్ మీరే చెయ్యి పెట్టి చూడండి. బకిళ్లన్నీ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. జాకెట్ చెవుల దాకా జరిగిందంటే అది వాడిది కాదు, నీళ్లలో పడితే అది పైకి తేలుతుంది, పిల్లాడు కిందకి జారతాడు. కాళ్ల మధ్యనుంచి వచ్చే పట్టీ ఉన్నది అడగండి. చాలా పడవల్లో పెద్దవాళ్లవే ఉంటాయి. వీలైతే మీ ఊరినుంచే వాడి బరువుకి తగ్గది కొని తెచ్చుకోండి, బ్యాగులో పెద్ద బరువేం కాదు.

ఇంక సముద్రం సంగతి. క్యాలెండర్‌లో తిథి చూసుకుని రండి. పౌర్ణమి, అమావాస్యలప్పుడు పోటుకీ పాటుకీ ఇక్కడ సుమారు 2 మీటర్ల తేడా వస్తుంది, నీళ్ల లాగుడు ఎక్కువ. అష్టమి దగ్గర అయితే తేడా తక్కువ, నీళ్లు నిదానంగా ఉంటాయి, కొత్తవాళ్లకి అదే మేలు. ఏ రోజైనా నిండు పోటుకి కాస్త అటూ ఇటూగా దిగితే మంచిది. పాటు బాగా తీసినప్పుడు పగడాలు పొట్టకి తగిలేంత దగ్గరికొస్తాయి, గీసుకుంటే ఆ గాయం త్వరగా మానదు. పొద్దున్నే మొదటి పడవకి వెళ్లండి. ఇక్కడ ఐదున్నరకల్లా తెల్లవారిపోతుంది, ఎనిమిదింటికి నీళ్లు అద్దంలా ఉంటాయి, మధ్యాహ్నానికి గాలి లేచి మసకబారతాయి.

ఇంకొకటి, ఇది నా ఇష్టం కొద్దీ చెప్తున్నాను, తప్పుగా అనుకోకండి. పగడం రాయి కాదు. దాని మీద లక్షల చిన్న ప్రాణులు బతుకుతాయి, మీరు ఒక్క పాదం ఆనిస్తే ఆ చోటు చచ్చిపోతుంది. నా చిన్నప్పుడు నార్త్ బేలో ఒడ్డునుంచి పది అడుగులు వేస్తే రంగులే రంగులు. 2010 వేసవిలో నీళ్లు వేడెక్కి పగడాలు సున్నం కొట్టినట్టు తెల్లబడిపోయాయి, చాలా చోట్ల మళ్లీ కోలుకోలేదు. మిగిలినవి మీ పాప చూడాలి, దాని పిల్లలూ చూడాలి. నిలబడాలనిపిస్తే ఇసక ఉన్నచోటే కాళ్లు పెట్టండి. చేపలు దగ్గరికి రావాలని బిస్కెట్లు, బ్రెడ్డు వెయ్యబోతే గైడ్‌ని వద్దనండి. గవ్వలు, పగడం ముక్కలు బ్యాగులో పెట్టుకోకండి, అది నేరం, ఎయిర్‌పోర్టులో స్కానింగ్‌లో పట్టుకుంటారు.

పాపకి ఒక సంగతి చెప్పండి. నీళ్లలో కదలకుండా ఉంటే కరకరమని చప్పుడు వినిపిస్తుంది, చిలక చేప ముక్కులాంటి పళ్లతో పగడాన్ని కొరికే చప్పుడు అది. కొరికి, నమిలి, ఇసకలా విసర్జిస్తుంది. మన కాళ్ల కింద తెల్లటి ఇసకలో కొంత దాని పుణ్యమే.

గోదావరి గట్టు:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. పోర్ట్ బ్లెయిర్ అన్నయ్యగారూ, మీరు రాసింది మా అత్తయ్యగారికి చదివి వినిపించాను. 2014 సంగతి దగ్గర ఆపేద్దామనుకున్నాను కానీ ఆవిడే మొత్తం చదవమన్నారు. "దాచకుండా చెప్పాడు, తలలు నేను లెక్కపెడతాను" అన్నారు. ఇంకో రెండు సందేహాలు. పాపకి కళ్లజోడు ఉంది, మైనస్ 3.5. అద్దాలు తీసేస్తే చేపలేం కనిపిస్తాయి? అలాగే బనానా బోట్ ఎక్కుతానని బాబు ఇప్పటినుంచే గోల.

విశాఖ నాన్న:

కళ్లజోడు మాస్క్ లోపల పట్టదు, కాడల పక్కనుంచి నీళ్లు దూరతాయి. నీళ్లలో మాస్క్‌లోంచి చూస్తే అన్నీ మూడో వంతు పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయి కాబట్టి ఒకటీ ఒకటిన్నర పవర్ వాళ్లకి అద్దాలు లేకపోయినా నడిచిపోతుంది. 3.5కి కుదరదు. పవర్ అద్దాలు బిగించిన మాస్కులు రెడీమేడ్‌గా దొరుకుతాయి, ఆన్‌లైన్‌లో కొనేయండి, పాప అంత ఆశగా చేపల పేర్లు రాసుకుంటుంటే అక్కడిదాకా వెళ్లి మసకమసకగా చూడకూడదు. కొత్త మాస్క్ అద్దానికి లోపల టూత్‌పేస్ట్ రాసి రెండు మూడుసార్లు కడగండి, లేకపోతే ఆవిరి పట్టేస్తుంది.

పోర్ట్ బ్లెయిర్ తెలుగు:

బనానా బోట్ ఈసారికి వద్దమ్మా. దాని మజానే మలుపులో నీళ్లలోకి పడెయ్యడం. ఆరేళ్ల పిల్లాడికి పక్కన కూర్చున్న పెద్దవాడి మోచెయ్యి తగిలినా చాలు. ఒడ్డున వాడి నడుము లోతులో బంతి ఇచ్చి వదలండి, మీలో ఒకరు చెయ్యి అందేంత దూరంలో, వాడికీ సముద్రానికీ మధ్య నిలబడండి. ఫోన్ ఒడ్డునే పెట్టండి. నీళ్లు వెచ్చగానే ఉంటాయి కానీ అరగంట దాటితే పిల్లలకి పెదాలు వణుకుతాయి, బయటికి తెచ్చి తువ్వాలు చుట్టి, ఏదైనా తినిపించి మళ్లీ దింపండి.

గోదావరి గట్టు:

సరే అండి, ఇలా అనుకున్నాం. ముందు నీల్ దీవికి వెళ్లి భరత్‌పూర్‌లో పిల్లలిద్దరికీ ఒక రోజంతా అలవాటు చేస్తాం, తొందర లేకుండా. తర్వాత జాలీ బాయ్. ప్యాకేజీ వాళ్లతో మాట్లాడి నార్త్ బే తీసేయించాను, ఆ డబ్బుతో పాపకి పవర్ మాస్క్, బాబుకి జాకెట్ ఆర్డర్ పెట్టాను. క్యాలెండర్ అత్తయ్యగారే తీసుకుని అష్టమి ఎప్పుడొచ్చిందో చూసి జాలీ బాయ్‌కి రోజు గుర్తు పెట్టారు. సోమవారం మాత్రం కాదని రెండుసార్లు సరిచూసుకున్నాం. బాబు సాయంత్రం నుంచి బకెట్‌లో తల పెట్టి ఉన్నాడు, బాత్రూమ్ అంతా నీళ్లే.