పల్లీలు నువ్వులు ‘పడవు’ అంటే ఊర్లె ఎవ్వరు పట్టించుకుంటలేరు, ఎట్ల చెప్పాలె?

నర్సంపేట_పిల్ల:
అందరికి నమస్తే. మాది నర్సంపేట దగ్గర చిన్న ఊరు, డిగ్రీ సెకండియర్ చదువుతున్న. మొన్న సద్దుల బతుకమ్మ నాడు చెరువు కాడ వాయినాలు ఇచ్చుకుంటుంటే మా చిన్నమ్మ కొడుకు, నాలుగేండ్లోడు, వాని చేతుల ఎవరో నువ్వుల సద్ది పెట్టిన్రు. వానికి నువ్వులు, పల్లీలు రెండు పడవని మా ఇంట్ల తెలుసు గని చెరువు కాడ ఎవలకెరుక. పది నిమిషాలల్ల పెదవులు ఉబ్బినయ్, ఒంటినిండ దద్దులు, రెండుసార్లు కక్కిండు, గొంతు బొంగురువోయి పిల్లికూతలు మొదలైనయ్. ఒకామె దిష్టి అన్నది, ఇంకొకామె వేడి చేసిందన్నది, ఉప్పు మిరపకాయలు తిప్పుడు గూడ అయింది. బాబాయి బండి మీద దవఖానకు తీస్కపోతే తొడకు సూది ఏసిన్రు, ఇప్పుడు మంచిగనే ఉన్నడు.
మేం నలుగురం ఫ్రెండ్స్ కలిసి ఊర్లె అందరికి చెప్పాలె అనుకుంటున్నం, సంక్రాంతికి మళ్ల సకినాలు, నువ్వుల ముద్దలు ఇంటింటికి తిరుగుతయ్ గదా. మీటింగ్ అని పిలిస్తే క్రికెట్ ఆడే పోరగాళ్లు తప్ప ఎవ్వరు రాలె. మా నానమ్మనేమో మా కాలంల గివన్ని ఎక్కడియే అంటది.

మందుల_షాపన్న:
చెల్లే, అసలు తిప్పలంత ఆ ‘పడదు’ అనే మాటతోనే. వంకాయ తిని దురద పెట్టినా పడదంటం, పాలు తాగి కడుపుబ్బినా పడదంటం, అత్తకు కోడలికి గూడ పడదంటం. ఇంక ఎవలు భయపడతరు? ‘తింటే పాణం మీదికొస్తది’ అని చెప్పున్రి. పాలకు కడుపుబ్బుడు అరుగుదల ముచ్చట, మీ తమ్మునిది వేరే, ఒంట్లె ఉన్న రక్షణ వ్యవస్థనే నువ్వులను శత్రువు అనుకొని ఎగబడుడు.
ఇంకోటి ఖచ్చితంగ చెప్పాలె, సిట్రజిన్ గోలి దురద తగ్గిస్తది గని మూసుకపోయే గొంతును తెరవది. దానికి అడ్రినలిన్ సూదే, తొడ కండకు, ఎంత జల్ది ఏస్తే అంత మంచిది. 108కి ఫోన్ కొట్టాలె. కండ్లు తిరిగితే పండబెట్టి కాళ్లు ఎత్తు మీద పెట్టాలె, దమ్ము ఆడకుంటె కూసోబెట్టాలె, నడిపియ్యొద్దు. తగ్గిందని వెంటనే ఇంటికి తెచ్చుడు గూడ తప్పే, కొన్ని గంటలకు మళ్ల తిరగబెట్టొచ్చు.

గంటె_మాస్టర్:
నేను దావత్‌లకు వంట చేస్త. చికెన్ మసాలల పల్లీలు, నువ్వులు, కొబ్బరి ఏంచి నూరి ఏస్తం, పచ్చిపులుసుల నువ్వుల పొడి, వంకాయ కూరల రెండూ. బంతిల కూసున్నంక ‘ఇండ్ల పల్లీలు ఉన్నయా’ అంటే నేనేం జెయ్యాలె చెప్పున్రి. పొద్దుగాల పొయ్యి ముట్టియ్యక ముందే చెప్తే మసాల ఎయ్యక ముందు చిన్న గిన్నెల తీసి పెడత, గంటె గూడ వేరే పెడత. ఆ గంటె సంగతే ఎవలు అడగరు. ఇండ్లల్ల గూడ అంతే, పల్లీలు, నువ్వులు, కొబ్బరి అన్ని సద్దులకు ఒకటే మిక్సీ గిన్నె తిప్పుతరు.

బుజ్జిగాని_అమ్మ:
మీటింగ్ ఎందుకు పెడుతున్నవ్ బిడ్డా, పెట్టిన మీటింగ్‌కే నువ్వు పో. మహిళా సంఘం కూసున్ననాడు లోన్ కిస్తులు కట్టనీకి ఆడోళ్లందరు వస్తరు, లీడరక్కను అడిగి పది నిమిషాలు తీస్కో. మా కరీంనగర్ కాడ నేను అట్లనే చెప్పిన, మా వానికి పల్లీల అలర్జీ. ప్రసాదం వద్దంటే మొకం మాడ్చుకుంటరు గదా, అందుకే పిల్లగానికి నేర్పిన, చేతుల తీస్కొని కండ్లకద్దుకొని అమ్మకియ్యాలె, నోట్లె ఏస్కోవద్దు. ఎవ్వరు ఏమనలె.

కాజీపేట_పటేల్:
బాగనే ఉన్నది గని ఇట్ల భయపెడితే అందరు పిల్లలకు పల్లీలు బంద్ చేస్తరు. గరీబోళ్లకు బలం అదే.

మందుల_షాపన్న:
పటేలన్న మాట నిజం. 2015ల లండన్ డాక్టర్లు అలర్జీ వచ్చే ముప్పు ఉన్న పసిపిల్లలకు 4 నుంచి 11 నెలల మధ్యల పల్లీలు మొదలుపెట్టి చూస్తే, ఐదేండ్లు వచ్చేసరికి వాళ్లల్ల పల్లి అలర్జీ చాన తక్కువ కనపడ్డది. ఎగ్జిమా అనే దురద చర్మరోగం గట్టిగ ఉన్న పిల్లలకైతే డాక్టర్‌ను అడిగే మొదలుపెట్టాలె, పల్లి గింజ గింజలాగ కాదు, మెత్తగ నూరి. అలర్జీ తేలినోళ్లకే బంద్, అందరికి కాదు.
మరిచిపోయిన, ప్యాకెట్ల మీద పల్లీలు, పాలు, గుడ్డు, గోధుమ, సోయా ఉంటే విడిగ రాయాలని మన దేశంల 2020 రూల్ ఉన్నది, నువ్వులు ఆ లిస్టుల లేవు. అమెరికాల 2023 నుంచి కలిపిన్రు. కాబట్టి నువ్వులకైతే లోపల ఏమేం కలిపిన్రో మొత్తం చదవాలె.

నర్సంపేట_పిల్ల:
నిన్న సంఘానికి పోయినం. నాకైతే నోరు రాలె, ఫ్రెండ్ సగం చెప్పి ఆగింది. అంతల మా నానమ్మనే లేచి ‘పోరడు నా చేతుల్లనే నీలుక్కపోయిండు, పాణం మీదికొచ్చింది’ అని మొదలువెట్టింది, ఇంక ఆపుతలేదు. ముగ్గురు అక్కలు మా పిల్లలకు గూడ ఇట్లనే దద్దులు లేస్తయ్ అని చెప్పిన్రు, ఏఎన్ఎం అక్కకు పేర్లు రాసిచ్చినం. బడిల చెప్పనీకి సార్‌ను అడిగినం, ఇంక ఏం అనలె. సకినాల లొల్లి ఒకటి మిగిలింది, నువ్వులు లేకుంటె అది సకినమెట్లయితదే అంటున్నది నానమ్మ.

గంటె_మాస్టర్:
వాము ఎక్కువ ఎయ్యమను. నువ్వులు లేని సకినాలనే ముందు కాల్చమను, నూనె కొత్తగ ఉన్నప్పుడే.