ముగ్గురు స్టార్లున్నా 20 గేమ్‌ల తర్వాత 10-10: ఈ టీమ్ కుదురుకుంటుందో లేదో ఎలా తెలుస్తుంది?

ఐసో_ఆపరా

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఇది కొన్నేళ్లకోసారి జరిగే తంతే. వేసవిలో పెద్ద పేర్లన్నీ ఒక టీమ్‌లో చేరతాయి, అక్టోబరులో ట్రోఫీ వాళ్లదే అంటారు, నవంబరు చివరికి చూస్తే ఆడినవాటిలో సగం ఓడిపోయి ఉంటారు. ఒక వర్గం "టైమ్ ఇవ్వండి" అంటుంది, ఇంకో వర్గం కోచ్‌ని పీకేయమంటుంది. ఈ గోల పక్కన పెడితే, 20 గేమ్‌ల దగ్గర ఏ అంకెలు చూడాలి, ఆటలో దేన్ని గమనించాలి? బాక్స్ స్కోర్ చదవడం వచ్చు, బేసిక్స్ వదిలేయండి.

స్కోర్‌షీట్

గెలుపోటముల కంటే ముందు నెట్ రేటింగ్ చూడండి: 100 పొజెషన్లకు (బాల్ చేతికొచ్చి పోయే ఒక్కో వంతు ఒక పొజెషన్) వేసిన పాయింట్లలోంచి ఇచ్చిన పాయింట్లు తీసేయడం. పొజెషన్ల లెక్క చేత్తో కూడా వేయొచ్చు. షాట్ ప్రయత్నాలు, దానికి ఫ్రీ త్రోలను 0.44తో గుణించి కలపాలి, అఫెన్సివ్ రీబౌండ్లు (తమ షాట్ తప్పాక తామే అందుకున్నవి) తీసేయాలి, టర్నోవర్లు (షాట్ వేయకుండానే పోగొట్టుకున్న బాల్‌లు) కలపాలి. 88 షాట్లు, 22 ఫ్రీ త్రోలు, 10 అఫెన్సివ్ రీబౌండ్లు, 14 టర్నోవర్లు అయితే దాదాపు 102. రికార్డు 10-10 ఉండి నెట్ రేటింగ్ +4 ఉంటే, దగ్గరి గేమ్‌లు చేజారి, గెలిచినవి భారీ తేడాతో గెలిచారన్నమాట. అలాంటి టీమ్ గురించి బెంగ అక్కర్లేదు. అదే -2 ఉంటే ఆ పది గెలుపులూ ఎక్కువే.

తర్వాత ప్రత్యర్థులు వేసిన త్రీలు (మూడు పాయింట్ల షాట్లు). గేమ్‌కి 35 చొప్పున 20 గేమ్‌లకు 700 షాట్లు. 36 శాతం పడాల్సిన చోట 39 శాతం పడితే 21 షాట్లు ఎక్కువ పడ్డట్టు, అంటే 63 పాయింట్లు, గేమ్‌కి మూడుకి పైనే. 700 షాట్లలో ఒకటిన్నర, రెండు శాతం అటూ ఇటూ అవడం వట్టి అదృష్టంతోనే జరుగుతుంది. కాబట్టి "డిఫెన్స్ చచ్చిపోయింది" అని తీర్పు చెప్పేముందు, ఆ త్రీలు ఖాళీగా వదిలేసినవా, చెయ్యి మొహం మీద పెట్టినా పడ్డవా అన్నది చూడాలి.

2010-11 మయామీ హీట్ దీనికి మంచి ఉదాహరణ. లెబ్రాన్, వేడ్, బాష్ ఉండి కూడా మొదట 9-8. అప్పటికీ పాయింట్ల తేడా ప్లస్‌లోనే ఉంది. హామ్‌స్ట్రింగ్ గాయంతో వేడ్ ప్రీసీజన్ దాదాపు మొత్తం పోగొట్టుకున్నాడు, మైక్ మిల్లర్ చేతి బొటనవేలికి సర్జరీ, హాస్లెమ్ పాదం గాయం. తర్వాతి 22 గేమ్‌లలో 21 గెలిచారు. చివరికి 58-24, ఫైనల్స్‌లో డాలస్ చేతిలో 4-2తో ఓటమి.

వీక్‌సైడ్

అంకెల వరకు స్కోర్‌షీట్ గారు చెప్పింది సరే. అవి జబ్బు ఉందో లేదో చెబుతాయి, ఎక్కడుందో చెప్పవు. దానికి ఒక గేమ్ తీసుకుని, బాల్ వైపు అసలు చూడకుండా, బాల్ చేతిలో లేని స్టార్‌నే ఒక క్వార్టర్ మొత్తం చూడండి.

ఒక పక్క పిక్ అండ్ రోల్ (బిగ్‌మ్యాన్ డిఫెండర్‌కి అడ్డంగా నిలబడి స్క్రీన్ పెట్టి, ఆపై బుట్ట వైపు పరిగెత్తే ఆట) నడుస్తుంటుంది. రెండో స్టార్ ఎదుటి కార్నర్‌లో మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంటాడు. అతన్ని కాచే డిఫెండర్ రెండడుగులు పెయింట్‌లోకి (బుట్ట ముందున్న రంగు గడిలోకి) జరిగి, రోల్ అయ్యే బిగ్‌మ్యాన్‌ని భుజంతో ఆపుతాడు. పాస్ దారి మూసుకుపోతుంది, బాల్ పట్టుకున్నవాడు మళ్లీ పైకి డ్రిబుల్ చేస్తాడు, షాట్ క్లాక్ 7 సెకన్లకి వచ్చేసరికి కష్టమైన జంపర్. షాట్ పడకపోతే "షాట్ సెలక్షన్ బాలేదు" అంటాం కానీ, అది పాడైంది ఆ కార్నర్‌లో. డిఫెండర్ తల తిప్పిన క్షణంలో బేస్‌లైన్ మీదుగా కట్ చేసినా, రెండడుగులు పైకి జరిగి పాస్‌కి దారి ఇచ్చినా, ఆ డిఫెండర్ ఇద్దరిలో ఒకరిని వదలక తప్పదు. పాత టీమ్‌లో పదేళ్లు బాల్ తనే తిప్పినవాడికి ఈ అలవాటు ఉండదు. నేర్చుకోవడానికి ఒప్పుకుంటాడా అన్నదే అసలు సంగతి.

త్యాగం ఎవరి వంతంటే, దాదాపు ప్రతిసారీ మూడోవాడిదే. బాష్ టొరంటోలో చివరి సీజన్‌లో 24 పాయింట్ల సగటు, మయామీలో మొదటి ఏడు 18.7. కెవిన్ లవ్ మిన్నెసోటాలో 26.1, క్లీవ్‌లాండ్‌కి రాగానే 16.4. మూడో స్టార్ సగటు తగ్గుతుంటే అది చెడ్డ వార్తేమీ కాదు. ముగ్గురి సగటులూ పాతవే ఉండి టీమ్ ఓడుతుంటే, అక్కడ వంతులవారీ ఆట నడుస్తోందన్నమాట.

రెండోది నిమిషాల పంపకం. ముగ్గురికీ తలా 35 నిమిషాలు అనుకోండి, మొత్తం 105. గేమ్ 48 నిమిషాలు, ఎప్పుడూ కోర్టులో ఇద్దరు ఉండాలంటే 96 ఖర్చు. మిగిలేది 9. అంటే ముగ్గురూ కలిసి ఆడాల్సింది మొదట ఐదు నిమిషాలు, చివర నాలుగు, అంతే. కానీ చాలామంది కోచ్‌లు మొదటి క్వార్టర్‌లో ముగ్గురినీ 8 నిమిషాలు ఆడించి ఒకేసారి కూర్చోబెడతారు. అప్పటిదాకా వచ్చిన లీడంతా రెండో క్వార్టర్ మొదట్లోనే కరిగిపోతుంది. ప్లే-బై-ప్లేలో సబ్‌స్టిట్యూషన్లు చూస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది. ఇది ఒక్క వారంలో సరిచేయగలిగిన తప్పు.

లో_మ్యాన్

అఫెన్స్ ఎలాగోలా కుదురుతుందండీ, అంత టాలెంట్ ఉన్నప్పుడు పాయింట్లు రాకుండా పోవు. మునిగేది వెనక్కి పరిగెత్తడంలో. స్టార్ లోపలికి డ్రైవ్ చేసి, ఫౌల్ ఇవ్వలేదని రిఫరీ వైపు చేతులు చాపుతాడు. అవతలివాళ్లు రీబౌండ్ తీసి పరుగు. మూడు సెకన్లు చాలు, ఐదుగురి మీద నలుగురు. పైగా స్పేసింగ్ కోసం ఇద్దరు రెండు కార్నర్‌లలో ఉంటారు కాబట్టి, మన బుట్టకి అందరికంటే దూరం వాళ్లే. షాట్ లేచిన వెంటనే ఎదుటి వింగ్‌లో ఉన్నవాడు వెనక్కి తిరగాలన్నది మామూలు నియమం. ఏడెనిమిది ఫాస్ట్‌బ్రేక్‌లు వరుసగా చూసి, వెనక్కి ముందుగా తిరిగింది ఎవరో రాసుకోండి. ప్రతిసారీ రోల్ ప్లేయరే అయితే విషయం అర్థమైనట్టే.

హాఫ్ కోర్టులో అయితే వేట. బలహీన డిఫెండర్ కాచే మనిషినే పిలిచి స్క్రీన్ పెట్టిస్తారు, స్విచ్ అయితే (డిఫెండర్లిద్దరూ తాము కాచే మనుషుల్ని మార్చుకుంటే) మిగతా ఆటంతా ఆ బలహీన డిఫెండర్ మీదే. మందు ఉంది. మొదటిది, స్విచ్ చేయకుండా గార్డ్ ఒక్క అడుగు ముందుకొచ్చి బాల్‌ని ఆపి వెంటనే తన మనిషి దగ్గరికి వెళ్లిపోవడం. రెండోది, స్విచ్ అయి పొట్టివాడు పోస్ట్‌లో ఇరుక్కుంటే, పాస్ గాల్లోకి లేవకముందే పక్కనున్న పొడుగాటివాడు అతన్ని బయటికి నెట్టి తను ఆ చోటు తీసుకోవడం. ఈ రెండోదానికి ఐదుగురూ అరుచుకుంటూ ఆడాలి. కొత్త టీమ్‌లో లేనిది ఆ మాటే. టీవీలో కూడా కనిపిస్తుంది: బుట్ట పడ్డాక ఇద్దరు అరచేతులు పైకెత్తి ఒకరినొకరు చూసుకుంటే, స్విచ్చా కాదా అన్నది ముందు ఒప్పుకోలేదని అర్థం. నవంబరులో ఇది మామూలే, ఫిబ్రవరిలో కూడా ఉంటే కాదు.

ఐసో_ఆపరా

వీక్‌సైడ్ గారూ, ఆ నిమిషాల లెక్క ఎక్కడా చూడలేదు, థాంక్స్. మరి కుదురుకోని టీమ్‌లు ఎందుకు కుదురుకోలేదు? 2012-13 లేకర్స్‌కి కోబీ, నాష్, హోవర్డ్, గసోల్ ఉన్నారు కదా. ట్రేడ్ చేసి బాగుచేయడం ఎంతవరకు కుదురుతుంది?

వీక్‌సైడ్

ఆ లేకర్స్‌లో ముక్కలే ఒకదానికొకటి అతకలేదు. ప్రీసీజన్‌లో ఎనిమిదికి ఎనిమిదీ ఓటమి, సీజన్ 1-4 కాగానే మైక్ బ్రౌన్‌ని తీసేశారు. అతను ప్రిన్స్‌టన్ అఫెన్స్ (పాస్‌లు, కట్‌ల మీద నడిచే పద్ధతి) నేర్పుతుండగానే, రెండో గేమ్‌లోనే నాష్ కాలి ఎముక విరిగింది. తర్వాత వచ్చిన డాంటోనీకి కావాల్సింది వేగం, పిక్ అండ్ రోల్, నలుగురు బయట. చేతిలో ఉన్నది వెన్ను సర్జరీ నుంచి కోలుకుంటున్న హోవర్డ్, అతనితో పాటు పెయింట్ దగ్గరే బతికే గసోల్. ఇద్దరిలో ఒకరు తమది కాని చోట నిలబడాలి. 45-37తో ఏడో సీడ్, ఏప్రిల్‌లో కోబీ అకిలీస్ (మడమ స్నాయువు) తెగింది, స్పర్స్ 4-0తో ఊడ్చేశారు. వయసు, గాయాలు, ఒకే చోటు కోసం ఇద్దరు: ఈ మూడూ ఒకేసారి కనిపిస్తే టైమ్ ఇచ్చినా లాభం లేదు.

స్కోర్‌షీట్

ట్రేడ్‌తో బాగుపడింది 2014-15 క్లీవ్‌లాండ్. 19-20 నుంచి 53-29, అంటే మిగిలిన 43లో 34 గెలుపులు. గాయం నుంచి లెబ్రాన్ తిరిగి రావడం సగం కారణం. మిగతా సగం జనవరి ట్రేడ్‌లు: వెయిటర్స్ వెళ్లి జె.ఆర్. స్మిత్, షంపర్ట్ వచ్చారు, రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లకు (కొత్త ప్లేయర్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్ హక్కులు) మోజ్‌గోవ్ వచ్చాడు. వరెజావ్ అకిలీస్ పోయాక రిమ్ (బుట్ట) దగ్గర కాచేవాళ్లు ఎవరూ లేరు, ఆ చోటు నిండింది. వచ్చినవాళ్లలో స్టార్ ఒక్కడూ లేడు, గమనించండి.

ఇప్పుడు ఆ దారి ఇరుకైంది. లీగ్‌కి, ప్లేయర్ల యూనియన్‌కి మధ్య 2023 ఒప్పందం తర్వాత, సెకండ్ ఏప్రన్ (టీమ్ మొత్తం జీతాలకు గీసిన పై గీత, దాని కిందది ఫస్ట్ ఏప్రన్) దాటిన టీమ్ ట్రేడ్‌లో ఇద్దరి జీతాలు కలిపి ఒక పెద్ద ప్లేయర్‌ని తెచ్చుకోలేదు, పంపిన జీతం కంటే ఎక్కువ తీసుకోలేదు, నగదు పంపలేదు, మిడ్‌లెవల్ ఎక్సెప్షన్ (జీతాల పరిమితి దాటినా ఓ మోస్తరు జీతంతో సైన్ చేసుకునే వెసులుబాటు) కూడా ఉండదు. పైగా ఏడేళ్ల తర్వాతి ఫస్ట్ రౌండ్ పిక్ ట్రేడ్‌కి పనికిరాకుండా గడ్డకడుతుంది. మిగిలేవి మినిమమ్ కాంట్రాక్టులే. బైఅవుట్ మార్కెట్ (సీజన్ మధ్యలో టీమ్‌లు వదిలేసిన ప్లేయర్లు) కూడా సగం మూసే ఉంటుంది, ఎందుకంటే ఫస్ట్ ఏప్రన్ దాటితేనే, మిడ్‌లెవల్‌కి మించిన జీతం ఉండి ఆ సీజన్‌లో వదిలేసినవాణ్ని సైన్ చేయనివ్వరు.

వేసవిలో సైన్ చేసినవాళ్లలో ఎక్కువమందిని డిసెంబరు 15 దాకా ట్రేడ్ చేయలేరు, పాత టీమ్‌తోనే పెద్ద పెంపుతో సైన్ చేసిన కొందరిని జనవరి 15 దాకా. కాబట్టి నవంబరులో వచ్చే ట్రేడ్ పుకార్లలో ముప్పాతిక వంతు రూల్ ప్రకారమే కుదరవు. మీరు చూస్తున్న టీమ్ ఏ ఏప్రన్ పైన ఉందో ముందు చూడండి, తర్వాత మాట్లాడుకుందాం.

లో_మ్యాన్

సెకండ్ ఏప్రన్ పైన ఉండి, నెట్ రేటింగ్ మైనస్‌లో ఉండి, ముగ్గురిలో ఇద్దరికి 33 ఏళ్లు దాటితే నేనైతే ఆ సీజన్ మీద ఆశ పెట్టుకోను. ఏప్రన్ కింద ఉంటే ఒక రిమ్ ప్రొటెక్టర్ (బుట్ట దగ్గర షాట్లు ఆపేవాడు), ఒక వింగ్ డిఫెండర్ (బయట పక్కల్లో కాచేవాడు) ని తెచ్చుకోవాలి. నాలుగో స్కోరర్ జోలికి మాత్రం వెళ్లకూడదు.