రెంబ్రాంట్ ఇంట్లో ఆయన కాలం నాటిదేమైనా మిగిలిందా?

గోదారిగట్టు:
వచ్చే నెల ఆమ్‌స్టర్‌డామ్ వెళ్తున్నాం. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ ఇల్లు చూడాలని నాకు చాలా ఉంది, కానీ మావాళ్లేమో "సామానంతా తర్వాత తెచ్చి పెట్టిందేనట, ఏముంది చూడ్డానికి" అంటున్నారు. ఆయన అక్కడ ఎన్నాళ్లున్నాడు, ఎందుకు వదిలేశాడు, ఇప్పుడున్న గదులు దేన్నిబట్టి సర్దారు? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

కుంచె:
సామాను ఆయనది కాదన్నది నిజమేనండి, కానీ ఊహించి పెట్టింది కాదు. ఆ ఇల్లు ఆయన 1639లో 13,000 గిల్డర్లకు (అప్పటి డచ్ డబ్బు) కొన్నాడు, సొమ్ము విడతల వారీగా కట్టే ఒప్పందం మీద. సంపాదన బాగా ఉన్న రోజులే, అయినా ఆ బాకీ తీరలేదు. శంఖాలు, శిల్పాలు, పాత శిరస్త్రాణాలు, ఇతర చిత్రకారుల ప్రింట్లు ఇలా ఏది నచ్చితే అది కొనేసేవాడు. చివరికి 1656లో దివాలా తీస్తే అధికారులు గదిగదికీ తిరిగి ఉన్నదంతా రాసుకున్నారు, మొత్తం 363 పద్దులు. వస్తువులు వేలంలో పోయాయి, 1658లో ఇల్లూ పోయింది, ఆ జాబితా మాత్రం భద్రంగా ఉంది. ఇప్పుడు మీరు చూసే గదులు 1990ల్లో దాని ఆధారంగా సర్దినవే. అప్పులవాళ్ల కోసం రాసిన కాగితం లేకపోతే ఏ గదిలో ఏముండేదో ఇంత వివరంగా మనకి తెలిసేదే కాదు.

సిరాబుడ్డి:
పై అంతస్తులో స్టూడియో దగ్గర మాత్రం తొందరపడకండి. కిటికీలు ఉత్తరం వైపు, నేరుగా ఎండ పడదు కాబట్టి రోజంతా వెలుతురు పెద్దగా మారదు, బొమ్మ వేసేవాడికి అంతకంటే ఏం కావాలి! పైన అటకలో శిష్యులు పనిచేసేవాళ్లు. 1642లో భార్య సాస్కియా పోయింది ఈ ఇంట్లోనే, ఆయన ప్రసిద్ధ చిత్రం 'నైట్ వాచ్' పూర్తయిందీ ఆ ఏడాదే. ఇంకోటి, షాజహాన్ బొమ్మతో సహా మొఘల్ చిత్రాలు చూసి ఆయన గీసిన డ్రాయింగులు ఇరవైకి పైగా ఉన్నాయి. ఆ మూలచిత్రాలు డచ్ వర్తకుల ద్వారానే అక్కడికి చేరి ఉంటాయి, వాళ్లకి అప్పట్లో మన మచిలీపట్నంలోనూ కోఠీ (వర్తక స్థావరం) ఉండేది.

గోదారిగట్టు:
చాలా థ్యాంక్సండి. ఇల్లు పోయాక ఎక్కడికెళ్లాడు? ఇది మ్యూజియం ఎప్పుడైంది?

కుంచె:
రోజెన్‌గ్రాఖ్ట్ వీధిలో అద్దె ఇంటికి. 1660లో కొడుకు టైటస్, ఆయనతో సహజీవనం చేసిన హెండ్రిక్యే కలిసి బొమ్మల వ్యాపారం పెట్టి ఈయన్ని దాంట్లో పనివాడిగా చూపించారు, లేకపోతే కొత్తగా వేసిన బొమ్మలు కూడా అప్పులవాళ్లు పట్టుకుపోయేవాళ్లు. 1669లో చనిపోయేదాకా వేస్తూనే ఉన్నాడు, నన్నడిగితే ఆయన గొప్ప బొమ్మలు ఆ అద్దె ఇంట్లో వేసినవే. పాత ఇల్లు తర్వాత రెండు వాటాలై, చేతులు మారి, బాగా పాడైపోయింది. చివరికి నగరపాలక సంస్థ కొంది, 1911లో మ్యూజియంగా తెరిచారు. ఆయన ఎచింగులు (లోహపు పలకపై గీసి కాగితం మీద అచ్చు తీసిన బొమ్మలు) దాదాపు అన్నీ అక్కడున్నాయి, వాటికోసం ఒక గంట ప్రత్యేకంగా పెట్టుకోండి.