వుహాన్‌లో చదువుతున్నాను, హార్మనీ ఓఎస్ ఫోన్ తీసుకోవచ్చా?

వుహాన్_మెడికో

అందరికీ నమస్తే. నేను వుహాన్‌లో ఎంబీబీఎస్ చేస్తున్నాను, వచ్చే ఏడాది చివరికి కోర్సు అయిపోతుంది, ఆ తర్వాత ఖమ్మం వచ్చేస్తాను. ఇప్పుడున్న ఆండ్రాయిడ్ ఫోన్‌కి చార్జింగ్ ఒక పూట కూడా ఆగట్లేదు. మా క్లాసులో చైనా వాళ్లు చాలామంది హువావే ఫోన్లు వాడుతున్నారు, వాటిలో ఆ కంపెనీ సొంత ఆపరేటింగ్ సిస్టమ్ హార్మనీ ఉంటుంది, చూస్తే చాలా స్మూత్‌గా ఉంది, రెండు ఫోన్లు ఒకదానికొకటి ఆనిస్తే చాలు ఫొటోలు అటు వెళ్లిపోతున్నాయి. షాపువాళ్లు కూడా అదే చూపిస్తున్నారు. ఇంకోపక్క సీనియర్ ఒకాయన తన హువావే మేట్ 60 ఫోన్ తక్కువకి ఇస్తానంటున్నాడు.

నా డౌట్లు ఏంటంటే, కొత్త హార్మనీలో ఆండ్రాయిడ్ అసలు లేదంటున్నారు, నిజమేనా? అమ్మానాన్నలతో రోజూ వాట్సాప్ వీడియో కాల్ మాట్లాడాలి, ఇండియా బ్యాంకు యాప్ కావాలి, యూపీఐ కావాలి, తెలుగులో టైప్ చేయాలి. రెండు ఫోన్లు కొనే పరిస్థితి లేదు. వాడినవాళ్లు, తెలిసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

కెర్నల్_కబుర్లు

నిజమే తమ్ముడూ, కానీ ఏ వెర్షన్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. అందరూ హార్మనీ అని ఒకే పేరుతో పిలుస్తారు, లోపల మాత్రం రెండు వేర్వేరు సిస్టమ్‌లు. 2019 మేలో అమెరికా హువావేని ఎంటిటీ లిస్టులో (అమెరికా కంపెనీలు అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడని కంపెనీల జాబితా) పెట్టింది, దాంతో కొత్త ఫోన్లకి గూగుల్ సర్వీసులు పోయాయి. అదే ఏడాది ఆగస్టులో హార్మనీని ప్రకటించారు, ఫోన్లలోకి 2021 జూన్‌లో వచ్చింది. అప్పటి నుంచి 4 సిరీస్ దాకా ఓపెన్ సోర్స్ ఆండ్రాయిడ్ భాగం లోపల ఉంది కాబట్టి ఏపీకే ఫైలు (ఆండ్రాయిడ్ యాప్ ఫైలు) ఇన్‌స్టాల్ చేస్తే పనిచేసేది. 2024 అక్టోబరు 22న విడుదలైన హార్మనీ 5లో (అప్పట్లో నెక్స్ట్ అనేవాళ్లు) ఆ భాగాన్ని పూర్తిగా తీసేశారు. ఇందులో ఏపీకే నేరుగా తెరుచుకోదు. యాప్ కంపెనీలు ఆర్క్ టీఎస్ అనే భాషలో మళ్లీ మొదటి నుంచి రాసుకోవాల్సిందే.

ఇంజినీరింగ్‌ని మాత్రం తక్కువ చేసి మాట్లాడలేను, నాకు నిజంగా నచ్చింది. ఆండ్రాయిడ్ కింద ఉండే లినక్స్‌లో ఫైల్ సిస్టమ్, డ్రైవర్లు, నెట్‌వర్క్ అన్నీ కెర్నల్ (సిస్టమ్‌కి గుండెలాంటి భాగం) లోపలే కలిసి ఉంటాయి, ఒక డ్రైవర్‌లో పెద్ద తప్పు జరిగితే మొత్తం ఫోనే పడిపోవచ్చు. కొత్త హార్మనీలో ఉన్న హాంగ్‌మెంగ్ కెర్నల్ అలా కాదు, అది మైక్రోకెర్నల్. అంటే చాలా చిన్న భాగాన్ని మాత్రమే మధ్యలో ఉంచి మిగతావాటిని విడదీస్తారు, ఒకటి చెడినా రెండోదాన్ని ముట్టుకోలేదు. దీనివల్ల వచ్చే ఇబ్బంది అందరికీ తెలిసిందే: విడదీసిన భాగాలు ప్రతి చిన్న పనికీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి, దాంతో వేగం తగ్గుతుంది. వీళ్లు ఏం చేశారంటే, వేగం ముఖ్యమైన భాగాల్ని మళ్లీ దగ్గరికి చేర్చి, మిగతావాటిని దూరంగానే ఉంచారు. దీని మీద 2024లో ఓఎస్‌డీఐ సదస్సులో పేపర్ కూడా వచ్చింది, ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద పనిచేసేవాళ్లు గౌరవించే సదస్సు అది. వేగం 30 శాతం పెరిగిందని, 1.5 జీబీ మెమరీ ఆదా అవుతుందని హువావే చెప్పుకుంటుంది, అవి వాళ్ల లెక్కలు.

ఇంకో మంచి విషయం పర్మిషన్లు. ఒక ఫొటో పంపాలంటే గ్యాలరీ మొత్తం యాప్ చేతికి ఇవ్వక్కర్లేదు, సిస్టమే ఒక కిటికీ తెరుస్తుంది, నువ్వు ఎంచుకున్న ఫొటో ఒక్కటే యాప్‌కి వెళ్తుంది. ఆండ్రాయిడ్ కూడా ఇటు వస్తోంది కానీ పాత యాప్‌ల మొహమాటం ఉంది, వీళ్లకి ఆ బరువు లేదు.

ఇక నీ డౌట్లు. హార్మనీకి సొంత వాట్సాప్ యాప్ లేదు. జువోయితోంగ్ అని ఒక యాప్ ఉంది, దాని లోపల చిన్న ఆండ్రాయిడ్ నడుస్తుంది, విదేశీ యాప్‌లు చాలావరకు అందులోనే వేసుకుంటారు. గోడ అవతల గదిలో నడుస్తున్న యాప్ అనుకో: బయట సిస్టమ్‌తో దానికి ఉండే సంబంధం పరిమితం, కాల్స్, నోటిఫికేషన్లు మామూలు యాప్‌లంత గట్టిగా వస్తాయని నమ్మి కూర్చోలేం. యూపీఐ సంగతి ఇంకా కష్టం. యూపీఐ యాప్ నీ సిమ్ నుంచే ఎస్సెమ్మెస్ పంపించి నంబరు సరిచూసుకుంటుంది, ఫోన్‌లో ఎవరైనా మార్పులు చేశారేమో అని వెతుకుతుంది. బ్యాంకు యాప్‌లు చాలా గూగుల్ సర్టిఫికేషన్ (ఈ ఫోన్ నమ్మదగినదే అని గూగుల్ ఇచ్చే గుర్తింపు) ఉందా అని కూడా చూస్తాయి. ఇన్ని తనిఖీలు జువోయితోంగ్ లోపలి ఆండ్రాయిడ్‌లో దాటడం అనుమానమే, ఒకవేళ ఇవాళ దాటినా రేపు యాప్ అప్‌డేట్ తర్వాత ఆగిపోతే అడగడానికి ఎవరూ ఉండరు.

ఈవూ_టు_బేగంబజార్

నేను సరుకు కోసం ఈవూ, గ్వాంగ్‌జౌ వెళ్లి వస్తుంటాను, నా దగ్గర కొత్త హార్మనీ ఫోన్ ఉంది, అక్కడి పనికి మాత్రమే పెట్టుకున్నాను. చైనాలో దానికి వంక పెట్టలేం బాబూ. వీచాట్ (చాటింగ్), అలీపే (చెల్లింపులు), మెయితువాన్ (ఫుడ్ డెలివరీ), మెట్రో కార్డు, రైలు టికెట్లు అన్నీ చక్కగా సర్దుకుని ఉంటాయి. చిన్న చిన్న సర్వీసులు ఇన్‌స్టాల్ కూడా చేయకుండానే తెరుచుకుంటాయి, ఆర్డర్ ఎక్కడిదాకా వచ్చిందో స్క్రీన్ పైనే కనపడుతూ ఉంటుంది. హువావే ట్యాబ్, వాచ్ ఉన్నవాళ్లకైతే మరీ సుఖం.

అయితే శంషాబాద్‌లో దిగాక ఆ ఫోన్‌తో ఏం చేస్తావు? వీచాట్ 2020 జూన్ 29న మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో ఉంది. అలీపేతో ఖమ్మంలో టీ కూడా రాదు. హువావే ఇండియాలో కొత్త ఫోన్లు తేవడం మానేసి ఏళ్లయింది, స్క్రీన్ పగిలితే ఒరిజినల్ పార్టు దొరకడం కష్టం. మన జియో, ఎయిర్‌టెల్ వాడే బ్యాండ్లు (సిగ్నల్ ఫ్రీక్వెన్సీలు) ఆ మోడల్‌లో ఉన్నాయో లేవో కూడా ముందే చూసుకోవాలి.

వాట్సాప్ గురించి ఒక మాట. అక్కడ వాట్సాప్ బ్లాక్ అని నీకు తెలుసు, అది ఏ ఫోన్‌కైనా ఒకటే. ఇండియా సిమ్ రోమింగ్ డేటా మాత్రం మన ఆపరేటర్ మీదుగా వెళ్తుంది కాబట్టి అందులో వస్తుంది. ఖర్చు ఎక్కువే, కానీ అర్జంటు టైములో పనికొస్తుంది. అమ్మావాళ్లకి ఫోన్ కలవకపోతే ఎంత టెన్షన్ పడతారో నాకు తెలుసు, ఆ ఒక్క విషయంలో రిస్క్ తీసుకోకు.

పాత_ప్లాట్‌ఫామ్‌ల_ప్రేమికుడు

అన్నలు చెప్పినదాంట్లో చాలావరకు ఒప్పుకుంటాను, కానీ దీన్ని మైక్రోసాఫ్ట్ విండోస్ ఫోన్‌లా పోయేదే అనుకుంటే పొరపాటు. విండోస్ ఫోన్ 2010లో వచ్చినప్పుడు కూడా సాఫీగానే నడిచేది, తక్కువ ర్యామ్‌తో లూమియా 520 ఎంత బాగుండేదో వాడినవాళ్లందరికీ గుర్తుంటుంది. యాప్‌లు రాలేదు. మైక్రోసాఫ్ట్ తనే యూట్యూబ్ యాప్ చేసుకుంటే 2013లో గూగుల్ దాన్ని అడ్డుకుంది. శాంసంగ్ 2015 జనవరిలో తన సొంత సిస్టమ్ టైజెన్ ఉన్న ఫోన్ జడ్1ని మన దేశంలోనే మొదట అమ్మింది, రూ.5,700కి, అదీ నిలవలేదు. బ్లాక్‌బెర్రీ 10 ఇంకో దారి పట్టింది, ఆండ్రాయిడ్ యాప్‌లు మా దాంట్లోనూ నడుస్తాయి అంది. దాంతో ఎవరికీ దానికోసం విడిగా యాప్ రాయాల్సిన అవసరం కనపడలేదు. జువోయితోంగ్‌తో నాకున్న భయం అదే, ఇవాళ వాడేవాళ్లకి ఆసరాగా ఉంటుంది, రేపు అదే సొంత యాప్‌లు రాకుండా ఆపుతుంది.

తేడా ఎక్కడంటే, వీటిలో దేనికీ తనదంటూ ఒక గట్టి మార్కెట్ లేదు. చైనాలో గూగుల్ ప్లే ముందు నుంచీ లేదు కాబట్టి అక్కడి వాళ్లకి అది పోయిందన్న లోటే లేదు. వాళ్లకి కావాల్సింది వీచాట్, అది 2025 మొదట్లో పూర్తి యాప్‌గా వచ్చేసింది. ఆ ఏడాది మేలో ల్యాప్‌టాప్‌లలోకీ హార్మనీ వచ్చింది, అక్టోబరులో వెర్షన్ 6 వచ్చింది. రెండు కంపెనీల చేతిలోనే ప్రపంచం మొత్తం ఫోన్లు ఉన్నచోట మూడోది నిలబడటం మంచిదే, నేను అది బతకాలనే కోరుకుంటాను. ఒక దేశంలో బతకడం వేరు, నీలాగా రెండు దేశాల మధ్య తిరిగేవాళ్లకి పనికిరావడం వేరు. ఈ రెండోది ఇప్పట్లో కనపడట్లేదు.

వుహాన్_మెడికో

ఇంత ఓపిగ్గా చెప్పినందుకు థ్యాంక్స్ అన్నా. కొత్తది వద్దనే అనుకుంటున్నాను. మరి సీనియర్ ఇస్తానంటున్న మేట్ 60 సంగతేంటి? అది పాత హార్మనీ మీదే ఉందంటున్నాడు, వాట్సాప్ చూపించాడు కూడా.

కెర్నల్_కబుర్లు

సెట్టింగ్స్‌లో వెర్షన్ చూడు. 4 సిరీస్‌లో ఉంటే ఏపీకేలు నడుస్తాయి. అదే ఫోన్‌కి 5 అప్‌డేట్ కూడా ఉంది, పొరపాటున అది నొక్కితే ఇవాళ చూపించిన వాట్సాప్ అలా ఉండదు. వెనక్కి రావాలంటే డేటా అంతా చెరిపేసుకోవాలి. పైగా 4లో ఎన్నాళ్లు ఉంటావు, సెక్యూరిటీ అప్‌డేట్లు ఎప్పుడో ఒకప్పుడు ఆగుతాయి. 4 ఉన్నా గూగుల్ సర్టిఫికేషన్ లేదు కాబట్టి బ్యాంకు యాప్ సమస్య అలాగే ఉంటుంది.

ఒకవేళ తీసుకునే పనైతే డబ్బులిచ్చే ముందు సీనియర్ ఫోన్‌లోనే నీ సిమ్ వేసి, నీ బ్యాంకు యాప్ తెరిచి లాగిన్ దాకా వెళ్లి చూడు. తెలుగు కీబోర్డు పెట్టి "లక్ష్మి", "స్త్రీ" లాంటివి టైప్ చెయ్యి, ఒత్తులు విడిపోతున్నాయేమో తెలుస్తుంది. ఇవన్నీ సరిగ్గా ఉన్నా నా ఓటు మాత్రం ఇప్పుడున్న ఫోన్‌కి అక్కడే మంచి బ్యాటరీ వేయించుకోమనే. కొత్త ఫోన్ ధరతో పోలిస్తే చాలా తక్కువలో అవుతుంది, వాట్సాప్, యూపీఐ ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి, ఖమ్మం వచ్చాక తీరిగ్గా కొనుక్కోవచ్చు. బ్యాటరీ మార్చే ముందు వాట్సాప్ చాట్స్ బ్యాకప్ తీసుకో, షాపులో ఫోన్ తెరిచేటప్పుడు దగ్గరే ఉండు.